గుర్తులు మార్చి ఇచ్చే లెక్క: నలుగురం చేస్తే నాలుగు జవాబులు, ఎక్కడ తప్పుతున్నాం?

పలమనేరు అబ్బాయి:

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో బైరాగిపట్టెడ దగ్గర రూమ్ తీసుకుని రైల్వే ఎన్‌టీపీసీ ఉద్యోగ పరీక్షకి చదువుకుంటున్నాను, రూమ్‌లో ముగ్గురం ఉంటాం. రీజనింగ్‌లో రక్తసంబంధాలు, దిక్కులు, కోడింగ్ అన్నీ బాగానే వస్తున్నాయి. కానీ ప్లస్ అంటే ఇంటూ అనుకోండి, మైనస్ అంటే బై అనుకోండి అని గుర్తులు తారుమారు చేసి ఇచ్చే లెక్క వచ్చిందంటే చెయ్యి ఆగిపోతుంది. చేసిన ప్రతిసారీ ఏదో ఒక జవాబు వస్తుంది, అది ఆప్షన్లలో కూడా ఉంటుంది, ధైర్యంగా టిక్ పెడతాను, తీరా కీ చూస్తే తప్పు. మాక్ టెస్టుల్లో ఈ రకం లెక్కలకే నాకు నెగెటివ్ మార్కులు ఎక్కువ పోతున్నాయి.

నిన్న రాత్రి ముగ్గురం ఒకే లెక్క పట్టుకుని కూర్చున్నాం. ఇదిగో:

+ అంటే ×, × అంటే −, − అంటే ÷, ÷ అంటే + అయితే
20 ÷ 40 − 4 + 5 × 8 = ?
ఆప్షన్లు: 67, 14, −45, 62

నాకు 67 వచ్చింది. నా పక్క మంచం అతనికి 14. మూడో అతనికి −45. ఇంటికి ఫోన్ చేసి మా చెల్లెలికి చదివి రాసుకోమంటే, అది ఇంటర్ ఎంపీసీ చదువుతోంది, దానికి 77 వచ్చింది, అదైతే ఆప్షన్లలోనే లేదు. కీలో 62 అని ఉంది. కోచింగ్‌లో సార్‌ని అడిగితే కీ కరెక్టే, ఇంకా ప్రాక్టీస్ చెయ్యండి అని తర్వాత లెక్కకి వెళ్లిపోయారు. ప్రాక్టీస్ చేస్తూనే ఉన్నాం, కానీ తప్పు ఎక్కడో తెలియకుండా వంద లెక్కలు చేసినా అదే తప్పు వంద సార్లు చేసినట్టే కదా. మేము నలుగురం ఎక్కడ పడిపోయామో ఎవరైనా ఓపిగ్గా చెప్తారా? బోడ్‌మాస్, అదే ముందు బ్రాకెట్లు, తర్వాత బై, ఇంటూలు, చివర్లో ప్లస్, మైనస్‌లు చెయ్యాలనే వరస, పాత గుర్తులకి వాడాలా, కొత్త గుర్తులకి వాడాలా, అసలు అది కూడా నాకు గట్టిగా తెలియడం లేదు.

చంద్రగిరి చదువరి:

తమ్ముడూ, కీ కరెక్టే, 62. బోడ్‌మాస్ ఎప్పుడూ కొత్త గుర్తులకే. ముందు లెక్క మొత్తం కొత్త గుర్తులతో తిరగరాయి, రాశాక పైన ప్రశ్న వైపు మళ్లీ చూడొద్దు.

20 + 40 ÷ 4 × 5 − 8

ఇప్పుడు 40 బై 4 అంటే 10, దాన్ని 5తో గుణిస్తే 50, 20 కలిపితే 70, 8 తీసేస్తే 62.

నీకు 67 ఎలా వచ్చిందంటే, గుర్తులు సరిగ్గానే మార్చావు కానీ ఎడమ చేతి నుంచి వరసపెట్టి చేసుకుంటూ పోయావు. 20కి 40 కలిపి 60, దాన్ని 4తో భాగిస్తే 15, ఐదింతలు 75, 8 పోతే 67. నీ తలకాయ మొత్తం గుర్తులు మార్చడం మీదే ఉండి బోడ్‌మాస్ మర్చిపోయింది. నేను కూడా మొదట్లో ఆరు నెలలు ఇదే తప్పు చేశాను.

14 వచ్చిన అతను ఇంటూని బై కన్నా ముందు చేశాడు. 4 ఇంటూ 5 ఇరవై, 40 బై 20 రెండు, 20 ప్లస్ 2 మైనస్ 8 అంటే 14. అతను అమెరికా వాళ్ల వీడియోలు చూస్తాడేమో అడుగు, అక్కడ పెమ్‌డాస్ అని నేర్పుతారు, అందులో ఇంటూ అక్షరం ముందు వస్తుంది, బై తర్వాత. మన బోడ్‌మాస్‌లో బై ముందు, ఇంటూ తర్వాత. రెండూ చెప్పేది మాత్రం ఒకటే. ఇంటూ, బై రెండిటిదీ సమాన హోదా, ఎడమవైపు ఏది ముందు వస్తే అది ముందు చెయ్యాలి. ప్లస్, మైనస్ కూడా అంతే. 30 − 12 + 8 లో ప్లస్ అక్షరం ముందుందని 12, 8 కలిపేసి 30 లోంచి 20 తీసి 10 అనేవాళ్లు చాలామంది ఉన్నారు, జవాబు 26.

−45, 77 మాత్రం నాకు అంతుపట్టలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు లెక్కల టీచర్:

−45 నేను చెప్తాను బాబూ. చిత్తూరు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తాను, ఈ తప్పు ఏడో తరగతి పిల్లల దగ్గర చాలాసార్లు చూశాను, పెద్దవాళ్ల దగ్గర కూడా.

మీ మూడో అబ్బాయి ప్రశ్నలో అచ్చులో కనిపించిన గుర్తులకి బోడ్‌మాస్ పెట్టాడు, చేసేటప్పుడు మాత్రం కొత్త అర్థం తీసుకున్నాడు. అచ్చులో ముందు ÷ కనిపించింది, అది 20కి 40కి మధ్య ఉంది, దాని కొత్త అర్థం ప్లస్ కాబట్టి 60. తర్వాత అచ్చులో × ఉంది, 5కి 8కి మధ్య, కొత్త అర్థం మైనస్, −3 వచ్చింది. ఇక మిగిలింది 60, 4, −3. 60 బై 4 పదిహేను, ఇంటూ −3 అంటే −45. చూశారా, ఒక్క గుర్తు కూడా తప్పుగా మార్చలేదు, ఒక్క కూడిక కూడా తప్పు చేయలేదు, అయినా జవాబు తప్పు. ఎందుకంటే ఏది ముందు చెయ్యాలి అనేది గుర్తు ఆకారానికి సంబంధించింది కాదు, అది చేసే పనికి సంబంధించింది.

దీన్ని పిల్లలకి ఇలా చెప్తాను. రైల్వే స్టేషన్ నుంచి ఆటోకి 20 రూపాయలు ఇచ్చి బస్టాండ్‌లో దిగారు, 3 ప్లేట్ల ఇడ్లీ తిన్నారు, ప్లేటు 40. మొత్తం ఖర్చు 20 + 3 × 40, అంటే 140. వరసపెట్టి చేస్తే 23 ఇంటూ 40 అయ్యి 920 వస్తుంది, అంత డబ్బు మీరు ఇవ్వరు కదా. మూడు ప్లేట్ల ధర ముందు కట్టుకుని తర్వాతే ఆటో చార్జీ కలుపుతారు. ఆ ఇంటూ గుర్తు బదులు అక్కడ చుక్క పెట్టినా, నక్షత్రం పెట్టినా, ప్లస్ బొమ్మ పెట్టి ఇది ఇంటూ అని చెప్పినా ఇడ్లీ లెక్క మారదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇదే లెక్కని గుర్తులకు బదులు అక్షరాలతో ఇచ్చి, క అంటే ప్లస్, ప అంటే ఇంటూ అని చెప్తే పిల్లలు బాగానే చేస్తారు. గుర్తులతో ఇస్తేనే తడబడతారు. అక్షరానికి పాత అర్థం ఏమీ లేదు, గుర్తుకి మాత్రం ఒకటో తరగతి నుంచి మనసులో పాతుకుపోయిన అర్థం ఉంది, కన్ను పడగానే అదే ముందు పలుకుతుంది. జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే ఆయన 1935లో రంగుల పేర్ల మీద చేసిన ప్రయోగం అచ్చుకి వచ్చింది, నీలం సిరాతో ఎరుపు అని రాసి సిరా రంగు చెప్పమంటే మనిషి తడబడతాడు, ఎందుకంటే చదవకుండా ఉండటం మన చేతిలో లేదు. ఈ లెక్కల్లో జరిగేదీ అలాంటిదే. కాబట్టి నాకు తెలివి లేదు అని ఎవరూ కుంగిపోవద్దు. తడబాటు సహజం, దానికి తగ్గ పద్ధతి పెట్టుకోవాలి, అంతే.

ఈ గుర్తులు కూడా మనుషులు పెట్టుకున్నవే. = గుర్తుని రాబర్ట్ రికార్డ్ 1557లో వాడాడు, × ని విలియం ఆట్రెడ్ 1631లో, ÷ ని భాగహారానికి యోహాన్ రాన్ 1659లో. డెన్మార్క్, నార్వేల్లో అయితే ఇదే ÷ గుర్తుని చాలాకాలం తీసివేతకి వాడారు. మనకి పజిల్‌గా ఇచ్చే ÷ అంటే −, అక్కడ మామూలు లెక్కే అన్నమాట. ఈ సంగతి తరగతిలో చెప్తే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి, అప్పటినుంచి గుర్తు మారిందంటే భయపడరు.

పద్ధతి ఏమిటంటే, రఫ్ షీట్ మీద ముందు అంకెలు మాత్రమే వెడల్పుగా ఖాళీలు వదిలి రాయండి: 20   40   4   5   8. పక్కన చిన్నగా ఏ గుర్తుకి ఏ గుర్తో రాసుకోండి. తర్వాత ఒక్కో ఖాళీలో కొత్త గుర్తు పెట్టండి. పాత గుర్తు మీ కాగితం మీద ఎక్కడా ఉండకూడదు. పెట్టాక ఒకసారి పెదాలు కదిపి చదవండి, ఇరవై ప్లస్ నలభై బై నాలుగు ఇంటూ ఐదు మైనస్ ఎనిమిది. అప్పుడు చెయ్యండి. పది సెకన్లు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

పలమనేరు అబ్బాయి:

మేడం, చంద్రగిరి అన్నా, మీ ఇద్దరికీ చాలా థాంక్స్. మూడో అతన్ని అడిగితే అవును, ప్రశ్నలో ÷ కి, × కి ముందు పెన్నుతో సున్నాలు చుట్టుకుని మొదలుపెట్టాను అన్నాడు, మేడం పక్కన నిలబడి చూసినట్టే చెప్పారు. 14 వచ్చిన అతను కూడా పెమ్‌డాస్ వీడియోనే చూశాడట.

ఇంకో రకం కూడా అడగాలి. రెండు గుర్తులు ఒకదానితో ఒకటి మార్చితే సమీకరణం సరి అవుతుంది, ఏ రెండు అని అడిగేవి. వీటికి నేను నాలుగు ఆప్షన్లూ పెట్టి చూస్తాను, జవాబు వస్తుంది కానీ మూడు నిమిషాలు పోతాయి. ఉదాహరణకి ఇది:

12 × 8 − 6 ÷ 2 + 5 = 19
ఆప్షన్లు: × మరియు −, × మరియు +, − మరియు ÷, − మరియు +

షార్ట్‌కట్ ఏమైనా ఉందా?

షార్ట్‌కట్ సాయి:

బ్రో చాలా సింపుల్. బై గుర్తు పక్కన ఉన్న రెండు అంకెలూ చూడు, నిశ్శేషంగా భాగం పోకపోతే ఆ ఆప్షన్ కొట్టేయ్. మిగిలిన వాటికి ఒకట్ల స్థానం ఒక్కటే చూడు, మొత్తం చెయ్యక్కర్లేదు. పది సెకన్లలో అయిపోతుంది.

రేణిగుంట రైలన్న:

సాయి చెప్పింది సగం వరకు మంచి మాటే, కానీ అలాగే పట్టుకుంటే పరీక్షలో దెబ్బ తింటారు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. నేను ఎన్‌టీపీసీ రాసే ఉద్యోగంలో చేరాను. మొదటి దశలో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 54 సెకన్లు, తప్పు జవాబుకి మూడో వంతు మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లూ చేసి చూసే టైము ఉండదు, అది నిజం.

ముందు బై గుర్తు దగ్గరికి వెళ్లడం సరైన అలవాటు. ఇది చూడు:

24 + 6 ÷ 5 × 3 − 7 = 12
ఆప్షన్లు: + మరియు ÷, + మరియు ×, × మరియు −, ÷ మరియు −

కుడివైపు 12, పూర్ణాంకం. ఇప్పుడున్నట్టు బై దగ్గర 6ని 5 భాగిస్తోంది, ఇంటూ 3 చేసినా 18 బై 5, భిన్నమే. × − మారిస్తే బై కదలదు, 6 బై 5 అక్కడే ఉంటుంది, భిన్నం పోదు. + × మారిస్తే 24 ఇంటూ 6 బై 5 అవుతుంది, 144ని 5 భాగించదు. ÷ − మారిస్తే 5 ఇంటూ 3 బై 7, అదీ కాదు. మిగిలింది మొదటిది, 24 ÷ 6 + 5 × 3 − 7, నాలుగు ప్లస్ పదిహేను మైనస్ ఏడు, 12. ఒక్క ఆప్షనే పూర్తిగా చేశాం.

కానీ ఇక్కడ సాయి మాటలో ఒక సవరణ ఉంది. పక్కన ఉన్న రెండు అంకెలు చూస్తే చాలదు, ఆ గుంపు మొత్తం చూడాలి. 6 ÷ 4 × 8 అని వస్తే 6ని 4 భాగించదు కదా అని కొట్టేస్తే పొరపాటు, గుంపు మొత్తం 12 వస్తుంది. గుంపు అంటే ప్లస్‌కి మైనస్‌కి మధ్య ఇంటూలు, బైలు కలిసి ఉన్న ముక్క. బై గుర్తులు రెండు చోట్ల ఉంటే రెండు భిన్నాలు కలిసి కూడా పూర్ణాంకం కావచ్చు, కాబట్టి బై ఒక్కటే ఉన్న లెక్కల్లో దీన్ని ధైర్యంగా వాడు, రెండు ఉంటే ఆచితూచి వాడు.

ఒకట్ల స్థానం సంగతి. కూడిక, తీసివేత, గుణకారం మాత్రమే ఉంటే అద్భుతంగా పనిచేస్తుంది. 43 × 17 − 29 + 58 చివరి అంకె కావాలంటే 3 ఇంటూ 7 ఇరవై ఒకటి, అందులో 1, దాంట్లోంచి 9 తీసి 8 కలిపితే 0. పూర్తిగా చేసి చూసుకో, 760. కానీ భాగహారం ఉందంటే చివరి అంకెలు చూసి భాగించకూడదు. నువ్వు అడిగిన లెక్కలోనే 96 బై 6 వస్తుంది, చివరి అంకెలు 6 బై 6 చేసి 1 అనుకుంటావు, అసలు జవాబు 16. కాబట్టి ముందు భాగహారం చేసేసి, ఆ వచ్చిన దాని ఒకట్ల స్థానం తీసుకోవాలి.

ఇక నీ లెక్క. దీన్ని తయారుచేసిన వాళ్లు తెలివిగా నాలుగు ఆప్షన్లలోనూ భిన్నం రాకుండా పెట్టారు, అంటే బై పద్ధతి ఇక్కడ దారి చూపదు. అప్పుడు సైజు చూడాలి. ఉన్నది ఉన్నట్టు చేస్తే 96 − 3 + 5, 98. మనకి కావలసింది 19. ఆ 96 అలాగే ఉంటే మిగిలిన చిన్న అంకెలు దాన్ని 19కి దించలేవు, కాబట్టి − + మార్చడం చెయ్యకుండానే కొట్టేయొచ్చు. ప్లస్, మైనస్ మారితే తేడా ఎంతో నోటితోనే చెప్పొచ్చు కూడా, తీసే 3 కలుస్తుంది, కలిసే 5 పోతుంది, మొత్తం మీద 5కి 3కి తేడా రెండు, దానికి రెట్టింపు 4 తగ్గి 94 అవుతుంది. ఇక 96ని చిన్నది చెయ్యాలంటే రెండే దారులు, ఇంటూని అక్కడినుంచి తీసేయడం, లేదా 96 పక్కకి బై తేవడం. బై తెస్తే 96 ÷ 6 పదహారు, 19కి దగ్గరగా ఉంది, ముందు దాన్నే చూడాలి. 16 − 2 + 5 అంటే 19. అయిపోయింది, జవాబు − మరియు ÷. మిగిలిన రెండూ కావాలంటే చూసుకో, × − మారిస్తే −7, × + మారిస్తే 5 వస్తాయి.

మార్చమన్నప్పుడు ఆ గుర్తు లెక్కలో రెండు చోట్ల ఉంటే రెండు చోట్లా మార్చాలి, ఇది మర్చిపోయి ఒకచోటే మార్చేవాళ్లున్నారు. కుండలీకరణాలు ఇస్తే అవి కదలవు.

షార్ట్‌కట్ సాయి:

కరెక్ట్ అన్నా, 6 బై 4 ఇంటూ 8 నేను ఆలోచించలేదు. ఒకట్ల స్థానం కూడా నేను బై ఉన్నా వాడేస్తున్నాను, ఇప్పుడు అర్థమైంది కొన్ని ఎందుకు తప్పుతున్నాయో. థాంక్స్.

కొర్లగుంట కోడర్:

77 దొరికింది! మాది కొర్లగుంట, ఇప్పుడు చెన్నైలో ప్రోగ్రామర్‌గా చేస్తున్నాను. మధ్యాహ్నం నుంచి ఆ 77 నన్ను వదల్లేదు, ఎందుకంటే ఏ రకంగా బోడ్‌మాస్ తప్పు చేసినా అది రావడం లేదు. చివరికి ఇచ్చిన అంకెలన్నీ కలిపి చూస్తే 20, 40, 4, 5, 8 మొత్తం 77. అంటే చెల్లెమ్మ కాగితం మీద గుర్తులన్నీ ప్లస్ అయిపోయాయి. ఎలా అయ్యాయి?

ఆమె ఒక్కో ఖాళీకి వెళ్లి మార్చకుండా, ఒక్కో రూలు తీసుకుని లెక్క మొత్తం మార్చి, తర్వాత రెండో రూలు తీసుకుని మళ్లీ మొత్తం మార్చి ఉంటుంది. చూడండి. మొదటి రూలు + అంటే ×, మారిస్తే 20 ÷ 40 − 4 × 5 × 8. రెండో రూలు × అంటే −. ఇప్పుడు ఇంటూలు రెండున్నాయి, ఒకటి అసలుది, ఒకటి మనం ఇప్పుడే పెట్టింది, రెండూ మైనస్ అయిపోతాయి: 20 ÷ 40 − 4 − 5 − 8. మూడో రూలు − అంటే ÷, అన్నీ బైలు అయ్యాయి. నాలుగో రూలు ÷ అంటే +, అన్నీ ప్లస్‌లు. 77.

ఈ లెక్కలో రూలు ఒక గొలుసులా తిరుగుతుంది, ప్లస్ ఇంటూ అవుతుంది, ఇంటూ మైనస్, మైనస్ బై, బై మళ్లీ ప్లస్. అందుకే ఒకసారి మారినది మళ్లీ మళ్లీ మారిపోయింది. మేము కోడ్ రాసేటప్పుడు కూడా ఇదే తప్పు చేస్తాం, ఒక అక్షరం మొత్తం మార్చెయ్, తర్వాత ఇంకోటి మార్చెయ్ అని రాస్తే ముందు మార్చినవి కూడా మారిపోతాయి. ఒక గ్లాసులో పాలు, ఇంకో గ్లాసులో నీళ్లు ఉన్నాయి, రెండూ అటుది ఇటు, ఇటుది అటు కావాలంటే మూడో ఖాళీ గ్లాసు ఉండాలి కదా, లేకపోతే కలిసిపోతాయి. మేడం చెప్పిన ఖాళీ అంకెల వరసే ఇక్కడ ఆ మూడో గ్లాసు. పాత వరస ముట్టుకోకూడదు, అదే కాగితం మీద గుర్తు మీద గుర్తు దిద్దకూడదు, ఎడమ నుంచి ఒక్కో చోటు తీసుకుని, ఒక్కో చోటికి ఒక్కసారే రూలు వాడాలి.

పలమనేరు అబ్బాయి:

అన్నా, ఇప్పుడే ఇంటికి ఫోన్ చేశాను. చెల్లెలు నోట్‌బుక్ తీసి చూసింది. నిజంగానే పెన్సిల్‌తో గుర్తు మీద గుర్తు దిద్దుకుంటూ వెళ్లింది, రబ్బరుతో చెరిపిన గుర్తులు కూడా కనిపిస్తున్నాయట. మీరు చెప్పిన గొలుసు చదివి వినిపిస్తే ఒక్క నిమిషం మాట్లాడలేదు, తర్వాత కొత్త పేజీలో చేసి 62 అని చెప్పింది. రాత్రి నుంచి అన్నం కూడా సరిగ్గా తినలేదని అమ్మ అంటోంది, మీకు చాలా రుణపడి ఉన్నాం.

ఇంకొక్కటి అడిగి ఆపేస్తాను. గుర్తులతో పాటు సంఖ్యలు కూడా మార్చమంటారు, కొన్నిట్లో సంఖ్యలు అని, కొన్నిట్లో అంకెలు అని ఉంటుంది. రెండూ ఒకటేనా?

చిత్తూరు లెక్కల టీచర్:

ఒకటి కాదు బాబూ, ప్రశ్నలో ఆ మాట కింద గీత గీసుకోండి. ఈ లెక్క చూడండి:

4 + 18 ÷ 6 × 8 − 5

4, 8 అనే సంఖ్యలు మార్చమంటే విడిగా ఉన్న 4 స్థానంలో 8, విడిగా ఉన్న 8 స్థానంలో 4 వస్తాయి, 18 లోపల ఉన్న 8 జోలికి వెళ్లకూడదు. 8 + 18 ÷ 6 × 4 − 5, అంటే 8 ప్లస్ 12 మైనస్ 5, 15. అంకెలు మార్చమంటే మాత్రం 18 కూడా 14 అవుతుంది, అప్పుడు 14 ఇంటూ 4 బై 6, భిన్నం వస్తుంది. ఇక్కడ రైలన్న చెప్పిన గుంపు పద్ధతే మీకు హెచ్చరిక, భిన్నం వచ్చిందంటే ముందు ప్రశ్న మళ్లీ చదవండి, మీరు లోపలి అంకె మార్చేశారేమో చూసుకోండి.

మీ రూమ్‌లో ముగ్గురున్నారు కదా, ఒకరు లెక్క చేయడం మాని లెక్క తయారుచేయండి. రోజుకి ఒక్కటి చాలు. తప్పుడు ఆప్షన్లు ఎలా పెట్టాలో ఆలోచిస్తే, మీరు పడే గుంటలు మీకే కనిపిస్తాయి. మీరు ఇచ్చిన ఆ లెక్కలో 67, 14, −45 ఊరికే వేసినవి కాదు, ఎవరు ఎక్కడ పడతారో తెలిసి పెట్టినవి.

పలమనేరు అబ్బాయి:

రెండు రోజులు మేడం చెప్పినట్టు చేశాం. సాయంత్రం అలిపిరి వైపు నడిచేటప్పుడు ఒకరు చెప్తే ఇద్దరం నోటితో చేస్తున్నాం, అయితే నోటితో చేస్తే గుర్తులు మళ్లీ కలిసిపోతున్నాయి, ఈ రకానికి కాగితం తప్పదని మాకు అర్థమైంది. నేను తయారుచేసినది ఇదిగో, అందరూ చేసి చూడండి:

× అంటే +, + అంటే ÷, ÷ అంటే −, − అంటే × అయితే
50 ÷ 36 + 6 − 4 × 9 = ?
ఆప్షన్లు: 17, 35, 77, 105

శ్రీకాళహస్తి చిన్నోడు:

17 బ్రో. 50 − 36 ÷ 6 × 4 + 9. 36 బై 6 ఆరు, నాలుగింతలు 24, 24 ప్లస్ 9 ముప్పై మూడు, 50 లోంచి 33 పోతే 17.

పలమనేరు అబ్బాయి:

తమ్ముడూ, గుర్తులు కరెక్ట్‌గా మార్చావు, 24 వరకు కూడా కరెక్టే. అక్కడినుంచి 50 − 24 + 9 ఉంది. నువ్వు ప్లస్ ముందు చేశావు, దాంతో కలవాల్సిన 9 కూడా తీసేసినట్టు అయింది. ప్లస్, మైనస్ సమానం, ఎడమవైపు ముందు మైనస్ వచ్చింది కాబట్టి 50 లోంచి 24 తీస్తే 26, దానికి 9 కలిపితే 35. పైన చంద్రగిరి అన్న 30 − 12 + 8 అని రాసింది ఒకసారి చూడు, అది చదివే ఈ 17 ఆప్షన్ పెట్టాను. చూశాక రేపటికి నువ్వు ఒకటి తయారుచేసి ఇక్కడ పెట్టు, మేం ముగ్గురం చేస్తాం.